"మిక్స్‌డ్ మీడియా" అని రాసేస్తే సరిపోతుందా?

తాళంచెవి

ఆదివారం నాన్నని ఒక గ్యాలరీకి తీసుకెళ్లాను. ఈ కాలపు శిల్పాలు, అసెంబ్లేజ్‌లు (పాత వస్తువులు కూర్చి చేసిన బొమ్మలు) కలిపి పెట్టిన ఎగ్జిబిషన్. నాన్న ముప్పై ఏళ్లకు పైగా వెల్డింగ్ పని చేసి మానేసిన మనిషి. ఇనుముతో చేసినవి ఉన్నాయంటే వచ్చారు, లేకపోతే గ్యాలరీ గడప తొక్కే రకం కాదు.

లోపల మనిషెత్తు దాటిన బొమ్మ ఒకటి ఉంది. కింద సగం కోసిన పాత గేటు. దానికి కుట్టుమిషన్ కాలి పెడలు, సైకిల్ చైన్లు, ఏదో మోటారు తొడుగు. అన్నిటికన్నా పైన ఇనప చట్రంలో కూర్చోబెట్టిన చెక్క సొరుగు. పక్కన చీటీ మీద "పేరు లేదు. మిక్స్‌డ్ మీడియా." అంటే రకరకాల సరుకుతో చేసిందని. అంతే.

నాన్న చీటీ వైపు చూడనే లేదు. వెనక్కి వెళ్లి, వంగి, అతుకులు చూస్తూ పది నిమిషాలు ఉండిపోయారు. వచ్చి అన్నారు కదా, "ఇది ఇద్దరు చేశారు. కింద పని తెలిసిన చెయ్యి. పైన ఆ సొరుగు దగ్గర మాత్రం ఎవరో నేర్చుకుంటున్నవాడు."

అక్కడ కూర్చున్న అమ్మాయిని అడిగితే ఒక కాగితం ఇచ్చింది. స్మృతి, విచ్ఛిన్నత, ఖాళీతో సంభాషణ... రెండుసార్లు చదివాను. గేటు ఎక్కడిదో లేదు, సొరుగు ఎందుకో లేదు, వెల్డింగ్ ఎవరు పెట్టారో అసలే లేదు. వస్తువులే కళ అన్నప్పుడు ఆ వస్తువులేంటో రాయడానికి నొప్పేంటి?

అటకమీదపెట్టె

మా అటక మీద ఉన్నదీ మిక్స్‌డ్ మీడియానే. దానికీ పేరు లేదు. ఖాళీతో సంభాషణ మాత్రం లేదు, ఎందుకంటే అక్కడ ఖాళీ లేదు.

ఊరికేచూస్తా

వస్తువులేంటో రాస్తే బండారం బయటపడుతుంది కాబట్టి రాయరు. "పాత గేటు, పెడలు, సొరుగు" అని రాస్తే తుక్కు. "మిక్స్‌డ్ మీడియా" అని రాస్తే కళ. రాయి చెక్కాలంటే ఏళ్ల సాధన కావాలి. తుక్కు ఏరుకొచ్చి అతికించడానికి ఏం కావాలి? ఒక సంచీ.

తుప్పురంగు

ఊరికేచూస్తా గారూ, ఒక సంచీ చాలదండీ. నా దగ్గర షెడ్డు నిండా ఉన్నాయి, ఇంట్లోవాళ్లతో గొడవ కూడా దాని మీదే. నేను చేసేది ఈ పనే.

ఏరడం తేలికే. రెండు ముక్కల్ని పదేళ్లు కలిసి ఉండేలా చేయడమే కష్టం. ఇత్తడిని ఇనుముకి ఆనించి తడి తగిలేచోట ఉంచండి. మధ్యలో తేమ చేరిందా, రెండూ కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి. ఇనుము గబగబా తినేసుకుపోతుంది, ఇత్తడి హాయిగా ఉంటుంది. అందుకే మధ్యలో ప్లాస్టిక్ వాషరో, గట్టి పూతో పెట్టాలి. జింకు పూత ఉన్న గొట్టాన్ని గీకకుండా వెల్డింగ్ పెడితే ఆ పొగకి రాత్రికి చలిజ్వరం. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, దుప్పటి కప్పుకుని వణికి చెబుతున్నాను. ఇక పోత ఇనుముకి వేడి పెడితే చల్లారేటప్పుడు పటుక్కున పగులుతుంది. కుట్టుమిషన్ పెడలు సాధారణంగా పోత ఇనుమే.

తాళంచెవి గారూ, ఆ పెడలుని దేనితో పట్టించారు? వెల్డింగా, బోల్టా?

తాళంచెవి

నాన్నని అడిగాను. "బోల్టులు రెండు. డబుల్ నట్" అన్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేనేమో ఆ బొమ్మకి ముందువైపు ఫొటోలు ఆరు తీశాను, ఒక్కదాంట్లోనూ బోల్టు లేదు.

తుప్పురంగు

అయితే చేసినవాళ్లకి పని తెలుసు.

మూడోవరుస

తుక్కా, కళా అన్న గొడవ ఒకసారి కోర్టు దాకా వెళ్లింది. శిల్పి బ్రాంకూసి చేసిన "బర్డ్ ఇన్ స్పేస్" అనే కంచు శిల్పం 1926లో అమెరికా రేవులో దిగింది. శిల్పమైతే సుంకం లేదు. కస్టమ్స్ వాళ్లకి దాంట్లో పక్షి కనబడలేదు. రెక్క లేదు, ముక్కు లేదు, నున్నగా పైకి లేచిన ఒక ఆకారం. వంటింటి సామాను, ఆస్పత్రి సరుకు పద్దులో వేసి 40 శాతం కట్టమన్నారు. 1928లో తీర్పు బ్రాంకూసి వైపు వచ్చింది. కొత్తరకం కళ ఒకటి నడుస్తోంది, మనకి నచ్చినా నచ్చకపోయినా అది ఉందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి అన్నది దాని సారం.

ఊరికేచూస్తా

మూడోవరుసా, బ్రాంకూసి తుక్కు ఏరలేదుగా. కంచుని అద్దంలా సానపట్టాడు. ఆయన్ని తెచ్చి ఈ గేటు పక్కన నిలబెట్టకు.

మూడోవరుస

సరే, సానపట్టని ఉదాహరణే తీసుకో. 1942లో పికాసో సైకిల్ సీటు నిలువుగా పెట్టి, దాని మీద హ్యాండిల్ బిగించాడు. ఎద్దు తల. చెక్కింది లేదు, సానా లేదు. చూశాక మళ్లీ దాన్ని సైకిల్‌లా చూడటం నీవల్ల అయితే చెప్పు.

ఊరికేచూస్తా

పికాసోకి బొమ్మ గీయడం వచ్చు. కాబట్టి సీటు పెట్టినా చెల్లింది.

అటకమీదపెట్టె

అంటే ముందు బొమ్మ గీయడం వచ్చని సర్టిఫికెట్ చూపించి అప్పుడు తుక్కు కొనుక్కోవాలన్నమాట.

చీటీచదవను

నా హ్యాండిల్ (ఇక్కడ పెట్టుకున్న పేరు) చూస్తేనే తెలుస్తుంది నేను ఏం చెబుతానో. తాళంచెవి గారి నాన్నగారు చేసిందే సరైన పని. చీటీ చదవకుండా వెనక్కి వెళ్లారు. దాని మీద "ఫలానా ఊరి గేటు, ఫలానా అవ్వ కుట్టుమిషన్" అని ఉంటే ఆయన కూడా అక్కడే నిలబడి అయ్యో పాపం అనుకుని ముందుకు వెళ్లిపోయేవారు. అతుకులు చూసేవారా?

పైగా వస్తువు ఎక్కడిదో తెలియకూడదనే చేసే పనులు కూడా ఉన్నాయి. లూయీజ్ నెవెల్సన్ అనే శిల్పి వీధుల్లో దొరికిన చెక్క ముక్కలు, కుర్చీ భాగాలు, మెట్ల కటకటాల ముక్కలు పెట్టెల్లో పేర్చి మొత్తానికి ఒకే నలుపు పూసేది. "స్కై కెథడ్రల్" 1958 నాటిది. ఆ నలుపు పడ్డాక కుర్చీ కాలు కుర్చీ కాలు కాదు, నీడ. అక్కడ "కుర్చీ కాళ్లు ఇన్ని" అని చీటీ పెడితే ఆవిడ చేసిన పనిని చెడగొట్టినట్టే.

తాళంచెవి

నలుపు పూస్తే ఒప్పుకుంటాను. ఇక్కడ పూయలేదే. గేటు మీద పాత నీలం పెయింట్ అలాగే ఉంది, పెడలు మీద కంపెనీ అక్షరాలు కూడా చదవొచ్చు. "నేను గేటునే" అని అది అరిచి చెబుతుంటే చీటీ ఒక్కటే నోరు మూసుకుంది.

చీటీచదవను

అరిచి చెబుతుంటే ఇంక చీటీ దేనికి?

సుద్దముక్క

పైన ఇద్దరిదీ సగం సగం ఒప్పు అనిపిస్తోంది. నేను ప్రతి ఏడాదీ ఒక క్లాసుని ఇలాంటి చోటికి తీసుకెళ్తాను. పిల్లలు "దీని అర్థం ఏంటి" అని ఎప్పుడూ అడగరు, అది పెద్దవాళ్ల జబ్బు. వాళ్లడిగేది "టీచర్, ఇది దేనిది?", వెంటనే "ఇది ఊడొస్తుందా?". రెండో ప్రశ్నకి గార్డు లేచి నిలబడతాడు.

ఒకసారి ఒక పిల్లాడు బొమ్మని కాకుండా దాని నీడని గీశాడు. నీడలో చైన్లు జడలా పడ్డాయట. ఆ నీడ సంగతి కాగితంలో ఎక్కడా లేదు, ఇరవైసార్లు చూసిన నాకూ కనబడలేదు.

మేకులసంచి

ఇంత చర్చ జరుగుతుంటే ఊరుకోలేకపోతున్నాను. నేను గ్యాలరీల్లో బొమ్మలు ఎక్కించే, దించే మనిషిని. గోడకి మేకు కొట్టేది, దిమ్మె లెవెల్ చూసేది, రాత్రి పన్నెండుకి లారీ దగ్గర నిలబడేది మేమే.

"మిక్స్‌డ్ మీడియా" వెనక పెద్ద కుట్ర ఏమీ లేదు. చీటీ మీద చోటు తక్కువ, చేసినవాళ్లు పంపిన ఫారంలో అలాగే ఉంటుంది, దాన్నే ప్రింటుకి పంపేస్తారు. కానీ లోపల ఫైలు వేరే ఉంటుంది. బొమ్మ దిగిన రోజున నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఏ ముక్క దేనితో చేసింది, ఎక్కడ గీత ఉంది, ఎక్కడ వదులైంది, ఎక్కడ మరమ్మతు జరిగింది, అన్నీ రాస్తాం. కండిషన్ రిపోర్ట్ అంటారు. తిరిగి పంపే రోజు మళ్లీ అదే కాగితం పట్టుకుని సరిచూస్తాం. కొత్త గీత కనబడితే అది ఎవరి నెత్తిన పడుతుందో తేల్చేది ఆ కాగితమే. ఇన్సూరెన్స్ కూడా దాని మీదే ఆధారపడుతుంది.

మా తలనొప్పి వేరు. తుప్పు పట్టిన ఇనుము వస్తుంది. దీన్ని తుడవాలా, వద్దా? ఈ దుమ్ము శిల్పి వేసిందా, దారిలో పడిందా? నవ్వకండి, నిజంగా ఫోన్ చేసి అడుగుతాం. 2011లో జర్మనీలోని డోర్ట్‌మండ్ మ్యూజియంలో కిప్పెన్‌బెర్గర్ అనే కళాకారుడి పని ఒకటి ఉండేది. చెక్క పలకలతో కట్టిన గోపురం లాంటిది, దాని కింద రబ్బరు తొట్టి, తొట్టిలో ఎండిన వాన నీటి మరకలా వేసిన పూత. శుభ్రం చేసే మనిషి దాన్ని నిజం మరకే అనుకుని తళతళలాడేలా తోమేసింది. 8 లక్షల యూరోల విలువ కట్టిన పని. ఆవిడ తప్పు అని నేను అనను. తన పని తను శ్రద్ధగా చేసింది.

చెక్క సొరుగు అన్నారు కదా, దాంతో ఇంకో భయం. పురుగు. పాత చెక్క ఏది వచ్చినా ముందు విడిగా ఉంచి, కింద నల్ల కాగితం పరిచి, సన్నటి పొడి రాలుతోందా అని కొన్ని రోజులు చూస్తాం. రాలితే చలిలో గడ్డకట్టించడమో, గాలి తీసేసిన సంచిలో వారాలపాటు ఉంచడమో చేయాలి. చూడకుండా లోపలికి తెస్తే పక్క గదిలో ఫ్రేములన్నీ తినేస్తుంది.

కాబట్టి తాళంచెవి గారూ, అక్కడి అమ్మాయిని కాదు, మళ్లీ వెళ్లినప్పుడు ఎక్కించేవాళ్లని అడగండి. "దేంతో చేశారు, రిపేరు ఏమైనా జరిగిందా" అని అడిగితే మాలో చాలామంది సంతోషంగా చెబుతారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

అటకమీదపెట్టె

ఆ తొట్టి తోమినావిడని మా ఇంటికి పంపే వీలుందా?

ఊరికేచూస్తా

మేకులసంచి చెప్పింది నా వాదననే బలపరుస్తోంది. తోమితే పోయేది కళ ఎలా అవుతుంది?

సుద్దముక్క

పెయింటింగ్‌ని తోమి చూడండి.

మూడోవరుస

ఒక్కోసారి ముడిసరుకే అసలు చిక్కు. అమెరికా కళాకారుడు రాషెన్‌బర్గ్ 1959లో చేసిన "కాన్యన్" అనే పనిలో నిజమైన బాల్డ్ ఈగల్ అనే గద్ద, గడ్డి కూరిన పక్షి, అతికించి ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఆ పక్షిని అమ్మకూడదు. యజమాని చనిపోయాక వారసులు, అమ్మలేనిదానికి విలువ సున్నా అన్నారు. పన్నులవాళ్లు 6.5 కోట్ల డాలర్లు అన్నారు. అమ్మితే నేరం, ఉంచుకుంటే పన్ను. చివరికి 2012లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంకి ఇచ్చేశారు. దాని చీటీ మీద "మిక్స్‌డ్ మీడియా" అని ఊరుకుంటే ఈ కథంతా ఆ రెండు మాటల కింద పడి ఉండేది.

చీటీచదవను

కథ బాగుంది. కానీ పన్నుల కథ తెలిశాక ఆ పక్షిని పక్షిలా ఎవరు చూస్తారు? అందరూ 6.5 కోట్లనే చూస్తారు.

మూడోవరుస

అది నిజమే. నాకూ అలాగే అయింది.

తుప్పురంగు

తాళంచెవి గారూ, మీ నాన్నగారు చెప్పిన ఆ ఇద్దరి సంగతి రాత్రంతా బుర్రలో తిరిగింది. నాకో అనుమానం. కింద ఉన్నది పాత గేటు. ఆ గేటుని ఎప్పుడో చేసిన మేస్త్రీ వెల్డింగ్ దాంట్లో ఉంటుంది కదా. ఆ మంచి చెయ్యి ఆయనదేమో! పైన ఉన్నది శిల్పి చెయ్యి. అంటే మనం మెచ్చుకుంటున్నది పేరు తెలియని గేటు మేస్త్రీని.

అలా అయితే ఎవరి బొమ్మ అన్న ప్రశ్న కూడా వస్తుంది. నేనే పెద్ద ముక్కలకి ఒక కుర్రాడి సాయం తీసుకుంటాను. చీటీ మీద నా పేరే ఉంటుంది. ఇది రాస్తుంటే కాస్త సిగ్గుగానే ఉంది.

ఊరికేచూస్తా

ఇంటి మీద తాపీమేస్త్రీ పేరు రాస్తున్నామా?

మేకులసంచి

కంచు పోత బొమ్మల మీద ఫౌండ్రీ ముద్ర ఉంటుంది, వెనక్కి వంగి చూస్తే. చేసినవాళ్ల పేరు పక్కనే, చిన్నగా. వెల్డర్‌కి ఆ పాటి చోటు కూడా లేదు.

తాళంచెవి

తుప్పురంగు గారి అనుమానం నాన్నకి చదివి వినిపించాను. కోపం వచ్చింది. "గేటు అతుకు గేటుదే, అది నాకు తెలియదా? దాని మీద పెయింట్ ఉంది. నేను చెప్పింది పెయింట్ గీకేసి కొత్తగా పెట్టినవాటి గురించి. చైన్లు, మోటారు తొడుగు పట్టించినవాడు ఒకడు, సొరుగు చట్రం పెట్టినవాడు ఇంకొకడు." తర్వాత నాతో మాట్లాడకుండా టీవీ పెట్టుకున్నారు.

తుప్పురంగు

క్షమించమని చెప్పండి. పెయింట్ సంగతి నాకు తట్టాల్సింది.

ఇంకో దారి ఉంది. నిచ్చెనెక్కి చేతులు పైకెత్తి పెడితే ఎంత పనివాడికైనా అతుకు వంకర పోతుంది. లోహం కిందికి కారుతుంది కదా.

తాళంచెవి

అదీ అడిగాను, భయపడుతూనే. "పైకి చూసి పెట్టిన అతుకు నాకు తెలుసు. అది కారుతుంది. ఇది కారలేదు, బెదిరింది. టాకాలు, అంటే చుక్క చుక్క అతుకులు, పొడుస్తూ పోయాడు, ఎక్కడా ఒక గీత నడపలేదు."

బెదిరింది అన్న మాట నాకు బాగా నచ్చింది. ఎగ్జిబిషన్ కాగితంలో అలాంటి మాట ఒక్కటి కూడా లేదు.

చీటీచదవను

ఆ కాగితం మీ నాన్నగారితో రాయించాల్సింది. నేను కూడా చదివేవాణ్ణి.

సుద్దముక్క

హ్యాండిల్ మార్చుకోవాల్సి వస్తుంది.

కొత్తగాచేరా

అన్నీ చదివాను. అసలు అసెంబ్లేజ్‌కీ మామూలు శిల్పానికీ తేడా ఏంటి? రెండూ ఒకే హాల్లో ఎందుకు పెడతారు?

మూడోవరుస

రాయి, చెక్క అయితే అక్కర్లేనిది తీసేస్తూ పోతావు. మట్టి అయితే కలుపుతూ పోతావు. అసెంబ్లేజ్‌లో అప్పటికే ఇంకో పనికి పుట్టిన వస్తువుల్ని తెచ్చి కూరుస్తావు. మాటని ఈ అర్థంలో వాడింది ఫ్రెంచి కళాకారుడు ద్యుబుఫె, 1953లో. 1961లో మోమా దాని మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టాక అందరి నోటా పడింది. పనులు మాత్రం అంతకు చాలా ముందే ఉన్నాయి.

ఒకే హాల్లో ఎందుకంటే ఇప్పుడు చేసేవాళ్లు ఆ గీత పట్టించుకోవడం మానేశారు. ఒకే బొమ్మలో చెక్కిన రాయీ ఉంటుంది, విరిగిన ఫ్యానూ ఉంటుంది.

మేకులసంచి

ఎక్కించేవాళ్లకి తేడా ఇంకా తేలిక. శిల్పం ఒక్క పెట్టెలో వస్తుంది. అసెంబ్లేజ్ ఏడు పెట్టెల్లో వస్తుంది, ఎనిమిదోది ఎక్కడో ఉండిపోతుంది.

ఎల్ అనాట్సుయి అనే శిల్పి పనులు ఎక్కించే అవకాశం నాకెప్పుడూ రాలేదు, వస్తే బాగుండునని ఆశ. సీసా మూతల రేకులు వేలకొద్దీ రాగి తీగతో కుట్టి గోడంత గుడ్డలా చేస్తారు. ముడతలు ఎక్కడ పడాలి, ఎలా వేలాడాలి అన్నది చాలాసార్లు ఎక్కించేవాళ్లకే వదిలేస్తారట. ఒక్కో గ్యాలరీలో ఒక్కోలా ఉంటుంది. నా పనికి అంత మర్యాద ఇచ్చిన శిల్పి ఇంకొకరు నాకు తెలియదు.

కొత్తగాచేరా

థాంక్స్. ఈ వారం ఎక్కడైనా చూడటానికి వెళ్తాను. వెనక్కి వెళ్లి చూడాలి, అంతేనా?

అటకమీదపెట్టె

వెనక్కి అంటే బొమ్మ వెనక్కి. ఇంటికి కాదు.

తాళంచెవి

మళ్లీ వెళ్లొచ్చాం. మేకులసంచి గారు చెప్పినట్టే చేశాం. ఎక్కించేవాళ్లలో ఒకాయన లోపల ఉన్నాడు. నాన్న నేరుగా వెళ్లి "పైన సొరుగు దగ్గర ఎవరు పెట్టారు?" అన్నారు. ఆయన ముఖం మారిపోయింది. కాసేపు నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసి, వెళ్లి ఫైలు తెచ్చాడు.

అందులో ఉన్న వరుస: కోసిన ఇనప గేటు, పోత ఇనుము పెడలు, సైకిల్ చైన్లు, మోటారు తొడుగు, టేకు సొరుగు. కింద ఇంకో లైను. రవాణాలో పై చట్రం ఊడింది, ప్రారంభానికి ముందురోజు రాత్రి తిరిగి అతికించారు, శిల్పికి తెలియజేశారు.

అతికించింది ఆ ఫైలు తెచ్చిన ఆయనే. వెల్డింగ్ తన పని కాదట, ఎప్పుడో కొంచెం నేర్చుకున్నాడట. ఆ టైముకి ఇంకెవరూ దొరకలేదు. సొరుగు చెక్కకి వేడి తగిలి నల్లబడుతుందని బెదిరి, తడిగుడ్డ చుట్టి, టాకా తర్వాత టాకా ఆగి ఆగి పెట్టాడట.

నాన్న ఏమీ అనలేదు. తలూపారు. తర్వాత ఇద్దరూ కలిసి బొమ్మ వెనక్కి వెళ్లారు, నేను బెంచీ మీద కూర్చున్నాను. ముప్పావుగంట.

తుప్పురంగు

బెదిరింది అన్నారుగా! నిజంగానే బెదిరాడు. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

ఊరికేచూస్తా

సరే. బొమ్మ సంగతి నాకు ఇంకా డౌటే. మీ నాన్నగారు చూసిన తీరు మాత్రం ఒప్పుకుంటున్నాను.

మేకులసంచి

ముందురోజు రాత్రి, ఇంకెవరూ దొరకలేదు... ఈ రెండు మాటలు చదివితే నాకు చెమట పట్టింది. మాలో ప్రతివాడికీ అలాంటి రాత్రి ఒకటి ఉంటుంది. ఫైల్లో రాసినందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి.

తాళంచెవి

ఒక సమస్య వచ్చింది. నాన్న పొద్దున్నుంచి "ఆ చట్రం అలా వదిలేస్తే నిలవదు, గంట పని, గ్రైండింగ్ కొట్టి ఒక వరుస నడిపేస్తే చాలు" అంటున్నారు. గ్యాలరీ నంబరు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

మేకులసంచి

వద్దు. దయచేసి వద్దు. శిల్పి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క నిప్పురవ్వ కూడా పడకూడదు. ఆయన్ని ఆపండి.

తాళంచెవి

గ్లౌజులు వెతుకుతున్నారు.